చైనా వైద్యుడు వూ జూటోంగ్ – ఆయన జలుబు మందు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయం మీద ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు కబురు చేశారు. మధుమేహం గురించో, మోకాళ్ల నొప్పుల గురించో రాద్దామని మొదట అనుకున్నాను. కాని అవి మన సభ్యులకు నాకంటె ఎక్కువ తెలుసు. అనుభవం అలాంటిది! అందువల్ల ఈసారి సలహాల జాబితా రాయకుండా ఒక వైద్యుడి జీవితకథ చెబుదామని నిశ్చయించుకున్నాను. ఆయన పేరు వూ జూటోంగ్. చైనా దేశస్థుడు. చనిపోయి దాదాపు 190 ఏళ్లు కావస్తున్నది. తొలిదశలో ఉన్న జలుబు, ఫ్లూ జ్వరాలకు ఆయన కూర్చిన మందును చైనాలో ఈనాటికీ వాడుతున్నారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. రోజుకు వందల మందికి చీటీ చూసి మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడమే సర్వీసంతా చేసిన పని. ఏ మందు ఎక్కడ పుట్టింది, ఎవరు కనిపెట్టారు అని ఆలోచించే తీరిక అప్పుడు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. చైనాలో వైద్యవిద్య చదివి వచ్చిన తెలుగు పిల్లలు మన రెండు రాష్ట్రాలలోనూ చాలామంది ఉన్నారు. మా మేనకోడలి కొడుకు వారిలో ఒకడు. సెలవులకు వచ్చినప్పుడు వాడు చూపించిన మాత్రల పెట్టె మీద యిన్ చియావ్ అన్న పేరు ఉంది. పడిశం పట్టినప్పుడు మనం మిరియాల పాలు తాగినట్టు అక్కడి వాళ్లు అవి వేసుకుంటారట. ఆ పేరు వెంట పోతే వూ జూటోంగ్ దొరికాడు. ఆయన గురించి దొరికినంత చదివాను. చదివిన కొద్దీ గౌరవం పెరిగింది.

తండ్రి మరణం

వూ జూటోంగ్ 1758లో జియాంగ్సు రాష్ట్రంలోని హువాయ్‌యిన్‌లో పుట్టాడు. అసలు పేరు వూ టాంగ్. జూటోంగ్ తరువాత వాడుకలోకి వచ్చిన పేరు. అప్పుడు చైనాను చింగ్ వంశపు చక్రవర్తి చియెన్‌లుంగ్ పాలిస్తున్నాడు. చదువుకున్న ప్రతి కుర్రవాడికీ ఆ రోజుల్లో ఒకటే గమ్యం. ప్రభుత్వ పరీక్షలు రాయాలి, నెగ్గాలి, ఉద్యోగం సంపాదించాలి. వూ కూడా ఆ దారినే బయలుదేరాడు.

ఆయన 19వ ఏట తండ్రి జబ్బుపడ్డాడు. ఏడాదికి పైగా మంచంలో ఉండి కన్నుమూశాడు. ఇంట్లో చదువుకున్న కొడుకు ఉండి కూడా, తండ్రికి వచ్చిన జబ్బేమిటో, వైద్యులు ఇస్తున్న మందేమిటో తెలుసుకోలేకపోయానన్న బాధ వూను కుంగదీసింది. దుఃఖదినాలు ముగియకముందే వైద్యగ్రంథాలు కొని చదవడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకాలలో ముఖ్యమైనది జాంగ్ జోంగ్‌జింగ్ అనే ప్రాచీన వైద్యుడిది. క్రీ.శ. 196 తరువాత పదేళ్లలోపే జాంగ్ వంశంలోని 200 మందికి పైగా బంధువులలో మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది జ్వరమే. ఆ దుఃఖంలో నుంచే ఆయన చలి వల్ల వచ్చే జ్వరాల మీద గొప్ప గ్రంథం రాశాడు. తనలాగే ఆత్మీయులను పోగొట్టుకున్న మనిషి రాసిన పుస్తకం కాబట్టి వూ మనసుకు అది గట్టిగా పట్టింది. పరీక్షల చదువు వదిలేశాడు. ఇక వైద్యమే చదవాలని నిర్ణయించుకున్నాడు.

చేతికి రాబోయే ఉద్యోగాన్ని కాదని కుర్రవాడు వేరే దారి పడితే ఇంట్లోవాళ్లు ఎంత కలవరపడతారో మనకు తెలియనిది కాదు. ఆనాటి చైనాలో పరీక్ష నెగ్గిన అధికారికి ఉన్న గౌరవం వైద్యుడికి లేదు.

సోదరుడి కొడుకు

నాలుగేళ్లు గడిచాయి. ఈసారి జబ్బుపడింది సోదరుడి కొడుకు. మొదట గొంతు వాచింది. ఒక వైద్యుడు గొంతులోకి మందు పొడి ఊదితే గొంతు మరీ మూసుకుపోయింది. పేరున్న వైద్యులను ఒకరి తరువాత ఒకరిని పిలిపించారు. అందరూ తమకు అలవాటైన పాత యోగాలే మార్చి మార్చి ఇచ్చారు. చివరకు పిల్లవాడికి కామెర్లు కమ్మి ప్రాణం పోయింది.

నాలుగేళ్లు చదివిన వూ అక్కడే ఉన్నాడు. కాని తాను ఇంకా కొత్త విద్యార్థి. అనుభవజ్ఞులైన వైద్యుల ముందు నోరు విప్పే ధైర్యం చాలలేదు. పైగా ఏం చేయాలో ఆయనకూ స్పష్టంగా తెలియదు. ఈ సంగతి ఆయన తన గ్రంథం ముందుమాటలో దాచుకోకుండా రాసుకున్నాడు. ఇద్దరు ఆత్మీయుల మరణం తరువాత ఆయనకు ఒక ప్రశ్న మిగిలింది. వైద్యులందరూ అదే మహాగ్రంథం చదివారు, అందులోని మందులే ఇచ్చారు. అయినా రోగి ఎందుకు బతకలేదు? తప్పు గ్రంథానిదా, వైద్యుడిదా, లేక జబ్బే వేరా?

రాజధానిలో ఉద్యోగం

మరి మూడేళ్లకు, అంటే 1783 ప్రాంతంలో, ఆయన రాజధాని పెకింగ్ చేరాడు. అక్కడ దొరికిన పని మన సభ్యులకు ఆసక్తి కలిగిస్తుంది. చక్రవర్తి ఆజ్ఞ మీద దేశంలోని ముఖ్యమైన గ్రంథాలన్నిటినీ సేకరించి, నకళ్లు రాయించి, ఒక మహాసంకలనం తయారు చేస్తున్నారు. ఒక్కొక్క ప్రతి 36 వేలకు పైగా సంపుటాలు. అలాంటివి ఏడు ప్రతులు. అచ్చు కాదు, అంతా చేతిరాత. 3,800 మందికి పైగా రాయసగాళ్లు పనిచేశారు. వారు రాసిన నకళ్లను మూలంతో సరిచూసే పనిలో వూ చేరాడు.

అక్షరం అక్షరం సరిచూడటం ఎంత విసుగు పుట్టించే పనో రికార్డు సెక్షన్లలో చేసిన మిత్రులు చెప్పగలరు. కాని ఆ పనిలో ఉన్నవాడికి ఒక లాభం ఉంది. బయటివాళ్లకు దొరకని కాగితం అతని చేతికి వస్తుంది. వూ చేతికి అలా వచ్చినది, 1642లో వూ యూకే అనే వైద్యుడు అంటువ్యాధుల మీద రాసిన పుస్తకం. 1641లో పెద్ద ఎత్తున మహమ్మారి చెలరేగినప్పుడు చూసినది చూసినట్టు రాశాడాయన. ఈ జ్వరాలు చలిగాలి తగిలి ఒంటిలోకి దిగేవి కావనీ, నోటి గుండా ముక్కు గుండా లోపలికి ప్రవేశించే ప్రత్యేక విషం వల్ల వస్తాయనీ ఆయన వాదన. సూక్ష్మక్రిముల సంగతి లోకానికి తెలియని రోజులవి.

వూ జూటోంగ్ ఆ పుస్తకం చదివి సంతోషించాడు గాని తలకెత్తుకోలేదు. ఆలోచన గొప్పదే, చికిత్స మాత్రం గజిబిజిగా ఉందనుకున్నాడు. సూజౌ నగరంలో 1667 నుండి 1746 వరకు జీవించిన యె టియెన్‌షీ అనే ప్రసిద్ధ వైద్యుడి చికిత్సా వివరాలు కూడా చదివాడు. ఆయన పద్ధతి సున్నితంగా, నేర్పుగా ఉందని గ్రహించాడు. కాని యె చెప్పింది తక్కువ, చూసిన రోగులు ఎక్కువగా దక్షిణాదివారు, వివరాలు ఎక్కడివక్కడ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎవరైనా కూర్చుని వాటిని ఒక వరసలో పెడితే తప్ప మామూలు వైద్యుడికి ఉపయోగపడవు.

వూ దాదాపు పదేళ్లు చదివాడు. ఈ పదేళ్లలోనూ తొందరపడి ఒక్క రోగికీ మందు ఇవ్వడానికి సాహసించలేదు. నాలుగు పుస్తకాలు తిరగేసి వీధిలో బోర్డు పెట్టేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. అందుకే ఆయన చదువుకంటె ఆయన సంయమనం నాకు ఎక్కువ నచ్చింది.

1793 మహమ్మారి

1793లో పెకింగ్‌లో జ్వరాల మహమ్మారి చెలరేగింది. వూకు అప్పుడు 35 ఏళ్లు. ఇంత చదివి ఊరుకుంటే ఎలాగని మిత్రులు బలవంతపెట్టి రోగుల దగ్గరకు తీసుకుపోయారు. ఆయన దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది అప్పటికే ఇతర వైద్యుల చేతిలో పడి చేయి దాటిపోయిన స్థితిలో ఉన్నవారు. అయినా కొన్ని పదుల మంది బతికారు. ఆ లెక్క ఆయన చెప్పుకున్నదే. వందలు, వేలు అని గొప్పలు పోలేదు. తప్పుడు వైద్యం వల్ల చనిపోయినవారు మాత్రం లెక్కకు అందరని బాధపడ్డాడు.

ఆనాటి వైద్యులు ఏం చేసేవారంటే, జ్వరం అనగానే చలి సోకిందని తీర్మానించి, దాల్చిన కొమ్మలు, మాహువాంగ్ వంటి వేడి చేసే మందులిచ్చి చెమట పట్టించేవారు. మాహువాంగ్ అంటే మనకు కొత్త కాదు. ఒకప్పుడు ఉబ్బసానికి మన ఆసుపత్రులలో విరివిగా ఇచ్చిన ఎఫిడ్రిన్ మాత్ర ఆ మొక్కలోని పదార్థమే. చలితో వణుకుతున్న రోగికి ఆ వైద్యం సరిపోవచ్చు. కాని ఒళ్లు కాలిపోతూ, గొంతు ఎండి, దాహం దాహం అంటున్న వాడికి ఇంకా వేడి చేసి చెమట పట్టిస్తే ఉన్న తడి కూడా ఇంకిపోతుంది. ఇదీ వూ అభ్యంతరం. ప్రాచీన గ్రంథం తప్పని ఆయన అనలేదు. అది చలిజ్వరాలకు రాసినది, ఈ వేడిజ్వరాలు వేరే జాతివి, వీటికి వేరే పుస్తకం కావాలి అన్నాడు. పెద్దలను కించపరచకుండా పెద్దలతో విభేదించిన తీరు ఇది.

గ్రంథరచన

వూ సొంత ప్రాంతంవాడే వాంగ్ టింగ్‌జెన్ అనే పండితుడు 1789 రాజధాని పరీక్షలో దేశానికంతటికీ రెండోవాడుగా నెగ్గి పెద్ద పదవిలో ఉన్నాడు. వచ్చే ఏడు మళ్లీ జ్వరాలు ప్రబలే సూచనలు ఉన్నాయి, రాస్తున్న పుస్తకం త్వరగా పూర్తి చేయమని 1798లో ఆయన వూను తొందరపెట్టాడు. ఆ ఏడే గ్రంథం పూర్తయింది. పేరు వెన్‌బింగ్ టియావ్‌బియెన్. వేడిజ్వరాలను వేరు వేరుగా గుర్తించి చెప్పే గ్రంథమని అర్థం చెప్పుకోవచ్చు. అచ్చయింది మాత్రం 1813లో. పదిహేనేళ్లు పట్టింది! పరీక్షల దారిలో పోయిన వాంగ్, ఆ దారి వదిలిన వూ పుస్తకానికి పీఠిక రాశాడు, వ్యాఖ్యలు చేర్చాడు. స్నేహం అంటే అదీ.

ఈ గ్రంథంలో ఆయన శరీరాన్ని మూడు అంతస్తులుగా విభజించాడు. పై అంతస్తులో ఊపిరితిత్తులు, గుండె. నడిమి అంతస్తులో జీర్ణాశయం. కింద కాలేయం, మూత్రపిండాలు. జ్వరం ముక్కు, నోటి గుండా ప్రవేశించి ముందు పై అంతస్తులో ఉంటుంది. అక్కడ ఆపకపోతే నడిమికి, తరువాత కిందికి దిగుతుంది. దిగిన కొద్దీ ప్రమాదం. పై అంతస్తులో ఉన్నప్పుడు మందు తేలికగా ఉండాలి, నడిమికి దిగితే సమతూకంగా ఉండాలి, కిందికి పోతే బరువైన మందు కావాలి అన్నది ఆయన సూత్రం. ఇది నేటి శరీరశాస్త్రం కాదు. అయితే జబ్బు ఏ దశలో ఉన్నదో ముందు తేల్చుకుని, ఆ దశకు తగిన మందు ఇవ్వమనడంలో మంచి వివేకం ఉంది.

ఇంకొక సంగతి. ఆయన ప్రతి సూత్రాన్నీ కంఠతా పట్టడానికి వీలుగా కురచగా రాసి, దాని కింద తానే వివరణ రాశాడు. తరువాతివారు ఎవరికి తోచిన అర్థం వారు తీయకూడదని ముందుజాగ్రత్త! ఒక జీ.వో., దాని మీద పది క్లారిఫికేషన్లు, ఒకదానికొకటి పొసగని సర్క్యులర్లు చూసిన మనకు ఆ జాగ్రత్త విలువ వేరే చెప్పనక్కరలేదు. మూడు అంతస్తుల మీద మూడు భాగాలు కాక, బాలింతల జబ్బులకు ఒక భాగం, పసిపిల్లల జబ్బులకు ఒక భాగం కేటాయించాడు.

యిన్ చియావ్ సాన్

ఆ గ్రంథంలో మొదటగా వచ్చే యోగాలలో ఒకటి యిన్ చియావ్ సాన్. సాన్ అంటే పొడి, చూర్ణం. జ్వరం, దాహం, గొంతునొప్పి, దగ్గు మొదలై, చలి లేకుండా వేడే కనిపించే తొలిదశకు ఇది చెప్పాడు. ఇందులో తొమ్మిది దినుసులు ఉన్నాయి.

మొదటి రెండూ పది పాళ్ల చొప్పున. ఒకటి హనీసకిల్ అనే తీగ పూమొగ్గలు. ఈ పూలు తెల్లగా విచ్చి తరువాత పసుపురంగుకు తిరుగుతాయి గనుక చైనావాళ్లు వీటిని బంగారు వెండి పువ్వులంటారు. రెండోది ఫోర్సిథియా అనే పొద కాయలు. ఈ రెంటి పేర్ల నుంచే మందుకు ఆ పేరు వచ్చింది. తరువాత పుదీనా జాతి ఆకు, బర్డాక్ గింజలు, ప్లాటికోడాన్ వేరు ఆరేసి పాళ్లు. అతిమధురం, పులియబెట్టిన సోయా గింజలు ఐదేసి పాళ్లు. వెదురాకు, తులసి కుటుంబానికే చెందిన జింగ్‌జీ మొక్క కంకులు నాలుగేసి పాళ్లు. ఆనాటి తూకంలో పది పాళ్లంటే దాదాపు 37 గ్రాములు, మన పాత లెక్కలో మూడు తులాలకు కాస్త ఎక్కువ.

అన్నిటినీ దంచి, పూటకు ఆరు పాళ్ల పొడి, అంటే సుమారు 22 గ్రాములు తీసుకుని, నీటి ఒడ్డున పెరిగే రెల్లులాంటి గడ్డి పచ్చివేరు కాచిన నీటిలో వేసి మరిగించాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఘుమఘుమ వాసన రాగానే పొయ్యి మీద నుంచి దించేయాలి. మన కషాయాలు నాలుగో వంతు మిగిలేదాకా మరగబెట్టడం అలవాటు. ఇది అలా కాదు. ఎక్కువ మరిగితే మందు చిక్కబడి పై అంతస్తు దాటి కిందికి పోతుందని ఆయన వివరణ. నా ఫార్మసిస్టు బుద్ధికి తోచింది వేరు. పుదీనా వంటి ఆకుల్లో ఉండే సుగంధ తైలాలు త్వరగా ఆవిరైపోతాయి. ఎక్కువసేపు మరిగిస్తే గిన్నెలో మిగిలేది చేదు నీళ్లు, వంటింట్లో మిగిలేది వాసన.

మోతాదు కూడా వివరంగా చెప్పాడు. జబ్బు గట్టిగా ఉంటే సుమారు నాలుగు గంటలకొకసారి, పగలు మూడు సార్లు, రాత్రి ఒకసారి. తేలికగా ఉంటే ఆరు గంటలకొకసారి, పగలు రెండు, రాత్రి ఒకటి. ఒకేసారి ఎక్కువ ఇస్తే అతి అవుతుంది, తక్కువ ఇచ్చి ఊరుకుంటే జబ్బుకు చాలదు, కనుక కొద్దికొద్దిగా తరచుగా ఇవ్వాలి అన్నాడు. లక్షణాలను బట్టి మార్పులు కూడా ఉన్నాయి. దగ్గు ఎక్కువైతే ఒక దినుసు చేర్చాలి, ముక్కు నుంచి రక్తం వస్తే రెండు దినుసులు తీసేయాలి, ఇలాగ. దగ్గే ముఖ్యమై జ్వరం స్వల్పంగా ఉంటే మల్బరీ ఆకు, చేమంతి పూలు ఉన్న ఇంకా తేలిక మందు వేరే చెప్పాడు.

విమర్శలు, చివరి రోజులు

గ్రంథం అచ్చయ్యాక పేరు వచ్చింది, విమర్శలూ వచ్చాయి. పాత గ్రంథాన్నే నమ్ముకున్నవారికి కోపం వచ్చింది. వేడిజ్వరాల పక్షంవారే అయిన వాంగ్ షీషియుంగ్ 1852లో వెలువరించిన తన గ్రంథంలో వూను గట్టిగా విమర్శించాడు. వేడిజ్వరాలకు పుస్తకం రాస్తూ మొట్టమొదట దాల్చిన కొమ్మల కషాయమే చెప్పడమేమిటని ఆయన ఆక్షేపణ. తొలిదశలో చలి ఉన్నవారికి వూ ఆ కషాయం చెప్పిన మాట నిజమే. పాతదాన్ని పూర్తిగా వదల్లేక అలా చేశాడో, ప్రాచీనుడి మీద గౌరవంతో చేశాడో అని వైద్యులు తరువాత కూడా వాదించుకున్నారు. చాలా యోగాలు యె టియెన్‌షీ చికిత్సల నుంచి తీసుకున్నవేనని మరికొందరన్నారు. యె పట్ల తనకున్న గౌరవాన్ని వూ దాచలేదు. చెల్లాచెదురుగా ఉన్న దాన్ని ఏరి, తూకం కట్టి, పేరు పెట్టి, ఏది ఎప్పుడు వాడాలో చెప్పడమే ఆయన పని. ఆఫీసులో పాత ఫైళ్లన్నీ ఒకచోట చేర్చి ఇండెక్సు రాసిపెట్టిన గుమాస్తాను ఎవరూ మెచ్చుకోరు. కాని ఆ ఇండెక్సు లేకపోతే ఏ ఫైలూ దొరకదు.

ఆయన వృద్ధాప్యం దాకా వైద్యం చేస్తూనే ఉన్నాడు. చూసిన రోగుల వివరాలు తేదీలతో సహా రాసిపెట్టుకున్నాడు. అవీ తరువాత అచ్చయ్యాయి. వైద్యుడికి ఉండవలసిన బుద్ధి గురించి ఇంకొక గ్రంథం రాశాడు. 1836లో, 78 ఏళ్ల వయసులో కాలం చేశాడు.

నేటి పరీక్ష

ఇంతకూ ఆ మందు పనిచేస్తుందా? ఇది మీరు తప్పక అడిగే ప్రశ్న. జలుబుకు రెండు వందలకు పైగా వైరస్‌లు కారణమనీ, ఫ్లూ వైరస్ వేరనీ నేడు మనకు తెలుసు. మనిషిలో ఫ్లూ వైరస్‌ను గుర్తించినది 1933లో. వూకు ఇవేవీ తెలియవు. మామూలు జలుబు ఏ మందు వేసినా వేయకపోయినా వారం పది రోజుల్లో తగ్గుతుంది గనుక, తగ్గిన ప్రతిసారీ మందు గొప్పతనమనడం సరికాదు.

2009లో స్వైన్ ఫ్లూ ప్రబలినప్పుడు చైనాలో ఒక పరీక్ష జరిపారు. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 15 నుండి 69 ఏళ్ల వయసున్న 410 మంది రోగులను నాలుగు జట్లుగా చేశారు. ప్రత్యేక మందు ఇవ్వని జట్టులో జ్వరం తగ్గడానికి మధ్యస్థంగా 26 గంటలు పట్టింది. ఒసెల్టామివిర్ అనే ఇంగ్లీషు మందు ఇచ్చినవారికి 20 గంటలు, చైనా కషాయం ఇచ్చినవారికి 16 గంటలు, రెండూ ఇచ్చినవారికి 15 గంటలు. వినడానికి బాగుంది. కాని మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఆ కషాయం వూ మందు ఒక్కటే కాదు, మాహువాంగ్ ఉన్న మరొక పాత యోగం కూడా అందులో కలిపారు. రెండు, ఎవరు ఏ మందు తాగుతున్నారో రోగులకు తెలుసు, ఉత్తుత్తి మందుతో పోల్చలేదు. మూడు, వీరిలో 69 దాటినవారు లేరు. అంటే మనలో చాలామందికి ఆ లెక్క వర్తించదు.

కోవిడ్ రోజుల్లో, 2020లో, ఇదే కుటుంబానికి చెందిన ఒక గుళికల మందును చైనాలో విరివిగా వాడారు, ఇతర దేశాలకూ పోయింది. దాని మీద శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం కుదరలేదు.

మనకు నాలుగు జాగ్రత్తలు

విదేశాల నుంచి పిల్లలు ప్రేమతో ఇలాంటి మాత్రలు పంపుతుంటారు. అందుకని నా వృత్తి నేర్పిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

చైనాలో విటమిన్ సి కలిపి అమ్మే యిన్ చియావ్ మాత్రల్లో ఆకులూ వేర్లతో పాటు పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్ కూడా ఉంటాయి. మూలికలే కదా అని అవి వేసుకుంటూ, జ్వరానికి విడిగా పారాసిటమాల్ కూడా మింగితే మోతాదు రెట్టింపై కాలేయానికి హాని. క్లోర్‌ఫెనిరమిన్ వల్ల మగత వస్తుంది, తూలి పడే ప్రమాదం ఉంది. ప్రోస్టేట్ వాపు ఉన్నవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు.

అతిమధురం ఎక్కువగా, ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీకి నీరు తీసే మాత్రలు వేసుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ మాట మన ఊరి కషాయాలకూ వర్తిస్తుంది. మాహువాంగ్ ఉన్న మందుల జోలికి గుండెజబ్బు, బీపీ ఉన్నవారు పోనే కూడదు.

జలుబుకు, ఫ్లూకు యాంటీబయాటిక్ పనిచేయదు. మిగిలిపోయిన మాత్రలు బీరువాలో నుంచి తీసి వేసుకోవద్దు. మూడు రోజులకు జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, మాట తికమకపడినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పెద్ద వయసులో ఫ్లూ న్యుమోనియాగా మారడానికి ఎక్కువ వ్యవధి పట్టదు. ఏటేటా వేసుకునే ఫ్లూ టీకా గురించి మీ డాక్టరును అడగండి. మా ఆవిడా నేనూ వేయించుకుంటున్నాము.

ఇక మిరియాల పాలు, వేడి చారు, ఆవిరి పట్టడం, నిండా దుప్పటి కప్పుకుని విశ్రాంతి తీసుకోవడం – ఇవి జబ్బును తగ్గించకపోయినా మనిషిని తేలికపరుస్తాయి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ల గిన్నె ఒలకకుండా చూసుకోవాలి, అంతే.

వూ జూటోంగ్ మందును నేను ఎవరికీ సిఫారసు చేయడం లేదు. నేను మెచ్చుకున్నది ఆ మనిషిని. కళ్లముందు తండ్రి పోయాడు, ఇంటి పిల్లవాడు పోయాడు. విధి అని సరిపెట్టుకోలేదు, వైద్యులను తిట్టి ఊరుకోలేదు. చిన్న ఉద్యోగంలో ఉంటూ, చేతికి వచ్చిన కాగితాలు శ్రద్ధగా చదివి, పదేళ్లు ఓపికపట్టి, చూసినదాన్ని రాసిపెట్టాడు. ఈ జబ్బు అందరూ అనుకుంటున్నదేనా, వేరేదా అని అడిగాడు. మన ఇళ్లలో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు ఆ ప్రశ్నే మనమూ అడగాలి. నిరుడు ఇదే మాత్రతో తగ్గిందని ఈ ఏడూ అదే వేసుకుని ఊరుకోకూడదు.

మన మిత్రులలో కూడా సర్వీసులో చూసిన విశేషాలు మనసులోనే ఉంచుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆరోగ్య శాఖలో కలరా, మశూచి రోజులు చూసినవారు, పల్లెల్లో మలేరియా డ్యూటీ చేసినవారు ఉన్నారు. ఆ అనుభవాలు రాసి మన పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను. వూ పుస్తకం పూర్తయ్యాక అచ్చు కావడానికి పదిహేనేళ్లు పట్టింది. మన కార్యదర్శి గారు అంతకంటె త్వరగానే వేస్తారని నా నమ్మకం.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ, సెలవు.